సైరంధ్రి మొర: బలవంతుడు నిందితుడైన చోట స్త్రీకి న్యాయము

ఒక సంవత్సరము మేము స్నాతకోత్తర తరగతిలో తిక్కన సోమయాజి విరాటపర్వమును బోధించుచుంటిమి. కీచకవధ ఘట్టము ముగిసినది. వలలుడు నర్తనశాలయందు కీచకుని మడియించిన తీరును, ఆ ఘట్టమును తిక్కన నడపిన నాటకీయతను విద్యార్థులు శ్రద్ధగా వినిరి. అంతలో భద్రాచలము ఏజెన్సీ నుండి వచ్చిన విద్యార్థిని యొకతె లేచి, "సార్, వలలుడు లేకుంటే సైరంధ్రి గతి ఏమిటి?" అని యడిగెను. రసమును గూర్చి యడిగినచో మా యొద్ద సమాధానము కలదు. పాత్రపోషణను గూర్చి యడిగినను కలదు. ఈ ప్రశ్నకు మాత్రము ఆనాడు సమాధానము లేకపోయెను. ఈ వ్యాసము ఆ సమాధానమును వెదకు ప్రయత్నము.

విరటుని కొలువు

కథ అందరెరిగినదే. కాని న్యాయవిచారణ దృష్టితో దానిని మరల నొకసారి చూడవలసి యున్నది. కీచకుడు మత్స్యదేశపు సేనాపతి, రాణి సుదేష్ణకు సోదరుడు, రాజునకు బావమరది. ఆతని భుజబలము రాజ్యమునకు అండ. సైరంధ్రి యన్ననో అంతఃపురమునందలి పరిచారిక. ఊరును కులమును ఎవరికిని తెలియని పరదేశి. సుదేష్ణ ఆమెను మద్యము తెమ్మను నెపమున కీచకుని యింటికి పంపెను. ఆమె ఆతని చేతి నుండి తప్పించుకొని పరుగెత్తి రాజసభ చేరెను. కీచకుడు వెన్నంటి వచ్చి నిండుకొలువులో ఆమెను తన్నెను.

ఇచ్చట విరటుడు చెప్పిన మాట గమనింపదగినది. మీ యిరువురి కలహము నా కంటికి చాటున జరిగినది, యథార్థ మెరుగక నేనెట్లు తీర్పు చెప్పుదునని వ్యాసభారతమున ఆతడు తప్పించుకొనును. కీచకుని యింట జరిగినది చాటున జరిగిన మాట నిజమే. కాని ఆ తాపు ఆతని కన్నుల యెదుటనే పడినది. చాటున జరిగినదానికి సాక్ష్యము లేదనుచు, ఎదుట జరిగినదానిని చూడకుండుట ఆ కొలువు నేర్చిన విద్య.

అటుపిమ్మటి కథయు ఇంతే ముఖ్యము. కీచకుడు మడిసిన తరువాత ఉపకీచకులు, ఈ చావునకు ఈమెయే మూలమని, శవముతో పాటు సైరంధ్రిని దహింప నెంచిరి. వారును మడిసిన పిదప, ఆమె నగరమున నుండుట క్షేమము కాదని భయపడి, ఆమెను పొమ్మని చెప్పవలసినదిగా విరటుడు రాణిని కోరెను. నేరము చేసినవాడు రాజబంధువు. ఊరు విడువవలసినది మొరపెట్టినది!

ఈ కథయందు నాలుగు దోషములు మాకు కనబడుచున్నవి. న్యాయము చెప్పవలసినవాడు నిందితుని బలము మీద ఆధారపడి యున్నాడు. చూచినవారు నోరు మెదపరైరి. నేరము బాధితురాలి మీదికే మరలినది. తుదకు ఆమెయే తన తావునుండి తొలగవలసి వచ్చినది. భద్రాచలమునకు సమీపమున, దుమ్ముగూడెము మండలమునందలి పర్ణశాలయే సీతాపహరణము జరిగిన తావని స్థానికుల విశ్వాసము. అచ్చటి కథయందును అపహరించినవాడు రాజు, అగ్నిలో దిగవలసినది సీత. కథలు పురాతనములే. ఆ దోషములును పురాతనములేనా యన్నదే మా విచారణ.

శీలవిచారణగా మారిన నేరవిచారణ

గోదావరి పరీవాహక ప్రాంతమునందే, నాటి చంద్రపూర్ జిల్లాలో, నేటి గడ్చిరోలి జిల్లాలో, దేశాయిగంజ్ అను ఊరు కలదు. 1972 మార్చి మాసమున అచ్చటి పోలీసు ఠాణాలో ఒక గిరిజన బాలికపై ఇద్దరు పోలీసులు అత్యాచారము చేసిరని కేసు నడచెను. సెషన్సు కోర్టు వారిని విడిచిపెట్టెను. బొంబాయి హైకోర్టు శిక్షించెను. 1978లో సుప్రీంకోర్టు మరల విడిచిపెట్టెను. బాలిక దేహముపై గాయపు గుర్తులు లేకుండుట ఆమె సమ్మతికి సూచనగా గ్రహింపబడినది. రాత్రివేళ ఠాణా లోపల, చుట్టును పోలీసులే యున్నపుడు, పేదబాలిక ప్రతిఘటింపక పోవుట భయమువలన కావచ్చునను మాటకు అచ్చట విలువ దక్కలేదు. 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అను నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసి ఈ తీర్పును ప్రశ్నించిరి.

ఆ తీర్పు వెలువడిన 1978లోనే హైదరాబాదు నల్లకుంట ఠాణాలో మరియొక ఘోరము జరిగెను. ఒక ముస్లిము యువతిపై పోలీసులు సామూహికముగా అత్యాచారము చేసిరనియు, రిక్షా త్రొక్కి బ్రదుకు ఆమె భర్తను కొట్టి చంపిరనియు ఆరోపణ వచ్చెను. నగరము అట్టుడికిపోయెను. ప్రభుత్వము జస్టిస్ ముక్తదర్ అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను. సంఘము ఎదుట ఆ యువతి నడవడియే ప్రధాన విషయముగా చేయబడెను. ఆమె చెడుదారి పట్టినదని నిరూపించుటకు విశేష ప్రయత్నము జరిగెను. అయినను సంఘము పోలీసులను తప్పుపట్టెను. పిదప కేసు కర్ణాటకమునందలి రాయచూరు కోర్టునకు మార్చబడెను. 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదల యైరి. విచారణ సంఘము నమ్మిన మాట నేరవిచారణలో నిలువలేదు.

ఇచ్చట తెలుగు భాషాధ్యయనము చేయు మా బోటివారు ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. ఈ నేరమునకు మన భాషలో వాడుకలో నున్న మాటలను పరికింపుడు. "మానభంగము" అనునపుడు భంగపడినది స్త్రీ మానము. భంగపరచినవాడు ఆ సమాసములో లేడు. "చెరుచుట", "పాడుచేయుట" అను క్రియలు స్త్రీని చెడిపోయిన వస్తువుగా భావించును. "చెడిపోయినది" అన్నపుడు వాక్యమునకు కర్తయే ఆమె యగును. "అత్యాచారము", "బలాత్కారము" అను మాటలే చేసినవాని చేష్టను పట్టి చూపును. మాట యొక్క నిర్మాణమే నష్టమును, నిందను ఆమెకు అంటగట్టుచుండగా, విచారణ ఆమె శీలము చుట్టు తిరుగుటలో ఆశ్చర్యమేమున్నది?

చట్టము నేర్చిన పాఠములు

చట్టము ఏమియు నేర్చుకొనలేదనుట న్యాయము కాదు. దేశాయిగంజ్, నల్లకుంట సంఘటనల పిమ్మట దేశవ్యాప్తముగా చెలరేగిన ఆందోళనల ఫలితముగా 1983లో శిక్షాస్మృతియు, సాక్ష్య చట్టమును సవరింపబడెను. పోలీసులు, ప్రభుత్వోద్యోగులు తమ అధీనమున నున్న స్త్రీపై చేయు అత్యాచారము ప్రత్యేక నేరముగా గుర్తింపబడెను. అట్టి కేసులలో సంభోగము జరిగినట్లు రుజువైన పిదప, తాను సమ్మతింపలేదని స్త్రీ కోర్టులో చెప్పినచో, సమ్మతి లేదనియే కోర్టు భావింపవలెనను నియమము వచ్చెను. బాధితురాలి పేరు ప్రకటించుట నేరమయ్యెను.

స్త్రీ సామాన్యముగా దుర్నడత గలదని చూపి ఆమె సాక్ష్యమును తేలగొట్టుటకు వీలు కల్పించిన నిబంధన 1872 నాటి సాక్ష్య చట్టమునందు కలదు. దానిని తొలగించుటకు 2003 వరకు ఆగవలసి వచ్చెను. సమాచారమందిన 24 గంటలలో వైద్యపరీక్షకు పంపవలెననియు, పోలీసుల నిర్బంధములో అత్యాచార ఆరోపణ వచ్చినచో మేజిస్ట్రేటు విచారణ జరుపవలెననియు 2006 నుండి నియమములు అమలులోనికి వచ్చెను. 2013 సవరణలు మరి రెండడుగులు ముందునకు వేసెను. ఫిర్యాదు నమోదు చేయని ప్రభుత్వోద్యోగి శిక్షార్హుడయ్యెను. అత్యాచార నిందితుడు ప్రభుత్వోద్యోగి యైనను అతనిపై విచారణకు ప్రభుత్వపు ముందస్తు అనుమతి అక్కరలేదని స్పష్టమయ్యెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త సంహితలును వీనిని నిలిపినవి. స్త్రీ పూర్వ లైంగిక జీవితమును ఊహించుటకు వైద్యులు చేయు వ్రేళ్ళ పరీక్ష అశాస్త్రీయమనియు, అట్టి పరీక్ష చేసినవారు దుష్ప్రవర్తనకు పాల్పడినవారగుదురనియు సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పెను.

విరటునికి లేని చట్టములు మనకు కలవు. మరి ఫలితమేమి? దీనికి ఉత్తరము తూర్పు కనుమలలో వెదకవలెను.

వాకపల్లి

భద్రాచలము నుండి తూర్పుగా అడవి వెంట సాగిన కొండల వరుసలో పాడేరు ప్రాంతము కలదు. అందు జి. మాడుగుల మండలమున వాకపల్లి యొక చిన్న కొండుల పల్లె. అది నాడు విశాఖపట్టణము జిల్లాలోనిది, 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. 2007 ఆగస్టు 20వ తేదీన మావోయిస్టులకై గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ దళమువారు తమపై అత్యాచారము చేసిరని ఆ పల్లెకు చెందిన 11 మంది స్త్రీలు ఫిర్యాదు చేసిరి. పోలీసులు ఈ ఆరోపణను తిరస్కరించిరి. దర్యాప్తు చేసిన సంస్థయు పోలీసు శాఖలోనిదే. నేరము జరుగలేదని అది నివేదించెను. స్త్రీలు ఆ నివేదికతో సమాధానపడక కోర్టు నాశ్రయించిరి. దళమునందలి 21 మందిలో 13 మందిపై విచారణ జరుపవచ్చునని 2012లో హైకోర్టు నిర్ణయించెను. నిందితులు సుప్రీంకోర్టునకు పోయిరి. 2017లో ఆ కోర్టు వారి వాదమును త్రోసిపుచ్చి, విచారణ త్వరితముగా ముగింపవలెనని ఆదేశించెను.

2023 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణమునందలి ప్రత్యేక న్యాయస్థానము 13 మందిని నిర్దోషులుగా విడుదల చేసెను. అందులకు కారణము దర్యాప్తు అధికారులు సక్రమముగా దర్యాప్తు జరుపక పోవుట యని కోర్టు పేర్కొనెను. ఆ తీర్పులోనే బాధిత స్త్రీలకు పరిహారము చెల్లింపవలెనని ఆదేశించెను. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నుంచి చదువుడు. దోషి లేడు, కాని నష్టపడినవారు కలరు. ఆగస్టు మాసమున చెప్పిన మాటకు తీర్పు వినుటకు ఆ స్త్రీలకు పదునైదేండ్లకు పైబడిన కాలము పట్టెను.

విడుదలైనవారు దోషులని మేము చెప్పుట లేదు. చెప్పుటకు మాకు అధికారమును లేదు. నేరము నిస్సందేహముగా రుజువు కానిచో నిందితుని విడుచుట నాగరిక న్యాయమునకు ప్రాణము. మేము చెప్పునది వేరు. సక్రమముగా జరుగని దర్యాప్తు బాధితురాలికి న్యాయము దక్కనీయదు. నిందితునిలో నిరపరాధి యున్నచో అతనికిని మచ్చ తొలగనీయదు. దానివలన లాభించువాడు దోషి యొక్కడే.

ఇట్టి కేసులయందు మొదటి దినముల విలువ ఎంతటిదో తెలియవలెను. గాలింపునకు వచ్చినవారు ఆ స్త్రీలకు పేరుతో ఎరుకగలవారు కారు. అందరిదియు ఒకటే వేషము. ఆ దినమున ఆ దళములో ఎవరెవరుండిరో తెలుపు పత్రములు పోలీసు శాఖ చేతిలోనే యుండును. బాధితులచే నిందితులను గుర్తింపజేయు పరేడు ముఖములు మరువక మునుపే జరుగవలెను. వైద్యపరీక్ష గంటలలో జరుగవలెను, దుస్తులు భద్రపరచవలెను. కొండ మీది పల్లె నుండి ఆసుపత్రికి నడిచి వచ్చుటకే ఒక పూట పట్టును. మొదటి వారమున చేయనిదానిని పదవ యేట ఏ న్యాయమూర్తియు సృష్టింపజాలడు. తీర్పు వెలువడునది కోర్టులో. దాని తలవ్రాత వ్రాయబడునది ఠాణాలో.

వాచాతి: మరియొక ఫలితము

ఇది తప్పనిసరి ఫలితమని తలపరాదు. తమిళనాడునందలి ధర్మపురి జిల్లాలో వాచాతి అను గిరిజన గ్రామము కలదు. 1992 జూన్ మాసమున చందనపు కలప గాలింపు పేరిట అటవీ, పోలీసు, రెవెన్యూ శాఖల వారు ఆ గ్రామముపై పడిరి. 18 మంది స్త్రీలు అత్యాచారమునకు గురియైరి. ఇచ్చటను మొదట నిరాకరణయే ఎదురయ్యెను. కాని హైకోర్టు ఆదేశముపై దర్యాప్తు సి.బి.ఐ.కి అప్పగింపబడెను. నిందితులు 269 మంది. విచారణ సాగుచుండగా వారిలో 54 మంది మరణించిరి. 2011 సెప్టెంబరులో ధర్మపురి కోర్టు మిగిలిన 215 మందిని దోషులుగా నిర్ణయించెను. అందు 17 మంది అత్యాచార నేరమునకు శిక్షితులు. 2023 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆ శిక్షలను స్థిరపరచి, బాధిత స్త్రీలకు ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయల పరిహారము ఆదేశించెను.

వాకపల్లి తీర్పు, వాచాతి అప్పీలు తీర్పు ఒకే సంవత్సరమున వెలువడినవి. రెండు చోట్లను బాధితులు పేద గిరిజన స్త్రీలు, నిందితులు ప్రభుత్వోద్యోగులు, పట్టిన కాలము దీర్ఘము. ప్రధానమైన భేదము మాకు కనబడునది ఒకటి. వాచాతిలో దర్యాప్తు నిందితుల శాఖల చేతినుండి, వారి రాష్ట్ర ప్రభుత్వము చేతినుండి తొలగింపబడెను. విరటుని బావమరదిని విచారించువాడు విరటుని సేవకుడు కాకుండెను.

భద్రాచలపు టెల్లలు

ఇప్పుడు మా విద్యార్థిని పుట్టిన సీమకు వత్తము. 2014లో రాష్ట్రవిభజన జరిగినపుడు పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచెను. ఆ చెంతనే యున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయెను. ఉత్తరమున చర్ల మీదుగా పోయినచో ఛత్తీస్‌గఢ్ అడవి. ఆసుపత్రికి వచ్చు స్త్రీ తెలియకయే రాష్ట్రపు పొలిమేర దాటుచుండును. మా పరిధి కాదని ఒక ఠాణా, మాదియు కాదని మరియొక ఠాణా త్రిప్పినచో మొదటి 24 గంటలు దారిలోనే గడచును. ఏ ఠాణాయందైనను ఫిర్యాదు స్వీకరించి, తరువాత పరిధిగల ఠాణాకు పంపవలెనను "జీరో ఎఫ్.ఐ.ఆర్." పద్ధతి నేడు సంహితలోనే చేరినది. ఈ నియమము అన్ని ఊళ్ళకు వర్తించునదే యైనను, భద్రాచలము వంటి ఎల్లల ఊరికి ప్రాణాధారము.

ఎల్లకు ఆవల సంగతియు తెలియదగినదే. భద్రాద్రి కొత్తగూడెము జిల్లాను ఆనుకొనియున్న బీజాపూర్ జిల్లాలో 2015లో భద్రతాదళముల వారు గిరిజన స్త్రీలపై అత్యాచారములు చేసిరని ఫిర్యాదులు వచ్చెను. 16 మంది స్త్రీలు ఛత్తీస్‌గఢ్ పోలీసుల చేతిలో అత్యాచారమునకు, లైంగిక, శారీరక హింసకు గురియైనట్లు ప్రాథమికముగా కనబడుచున్నదని జాతీయ మానవ హక్కుల సంఘము 2017 జనవరిలో చెప్పెను.

ఇక భాష. భద్రాచల ప్రాంతపు గిరిజనులలో కోయలు, కొండరెడ్లు ముఖ్యులు. కోయభాష ద్రావిడ కుటుంబమునకు చెందినదే యైనను తెలుగు కాదు. కోయ స్త్రీ తన భాషలో చెప్పిన మాట ఠాణాలో తెలుగున వ్రాయబడును. కోర్టులలో ఆంగ్లమునకు మారును. ఏ మాట ఎచ్చట జారినదో ఆమెకు తెలియదు. పిదప ఎదురుపక్షపు వకీలు, నాడు ఒకటి చెప్పితివి, నేడు వేరొకటి చెప్పుచున్నావని యామెనే నిలదీయును. అన్యభాషలో సాక్ష్యము చెప్పువారి మాటను వీలైనచో ఆ భాషలోనే, కానిచో యథార్థానువాదముగా వ్రాసికొనవలెనని నేర విచారణ చట్టము చెప్పుచున్నది. అది కోర్టులో నిలుచున్న సాక్షికి సంబంధించిన నియమము. ఠాణాలో తొలిమాట చెప్పునపుడును అట్టి అనువాదకురాలు ప్రక్కన నుండవలదా? కోయ, కువి వంటి భాషలు నేర్చినవారిని తయారుచేయుట విశ్వవిద్యాలయముల భాషాశాఖలు చేయగల పని. మాతో సహా మేమెవ్వరమును దానిని మా పనిగా ఇంతవరకు తలపలేదు.

వలలుని న్యాయము

తరగతిలో అడిగిన ప్రశ్న మిగిలియున్నది. వలలుడున్నచో న్యాయము జరిగినట్లేనా? 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియయ్యెను. నలుగురు నిందితులు డిసెంబరు 6న పోలీసుల కాల్పులలో మరణించిరి. జనులు పూలు చల్లిరి. వారిని చంపు ఉద్దేశముతోనే పోలీసులు కాల్పులు జరిపిరని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ సంఘము 2022లో నిర్ణయించెను. ఆ నలుగురును లారీల మీద బ్రదుకువారు, అండ లేనివారు. అండ లేని నిందితుని విషయమున పది దినములలో వలలుడు వచ్చెను. అండగల నిందితుల విషయమున పదునైదేండ్లు గడచినను దర్యాప్తు చక్కగా జరుగలేదు. నేరమొక్కటే, నిందితుని బలమును బట్టి కాలము మారినది. కావున వలలుడు న్యాయమునకు మారు కాడు. ఆతడు చీకటిలో చంపి పోయిన తరువాతను కొలువు మారలేదు, విరటుడు మారలేదు, సైరంధ్రిని పొమ్మనుటయు ఆగలేదు.

కీచకుని చంపగల భుజము సైరంధ్రి కోరదగిన వరము కాదు. ఆమె పరుగెత్తి వచ్చినపుడు తలుపు తీసి, ఆమె మాటను ఆమె భాషలో వ్రాసికొని, ఆ దినముననే సాక్ష్యమును భద్రపరచి, కీచకునికి చుట్టము కానివానిచే విచారింపజేయు కొలువు కావలెను. ఇందులకు కావలసిన చట్టములు చాలవరకు వ్రాయబడియే యున్నవి. ప్రభుత్వోద్యోగులు నిందితులైనపుడు దర్యాప్తు వారి శాఖ చేతిలో నుండరాదను కట్టడి మాత్రము ఇంకను కోర్టుల దయాధీనముగానే యున్నది.

ఆ విద్యార్థిని చదువు ముగించి వెడలిపోయినది. ఆమె మరల వచ్చి యడిగినచో మేము చెప్పు సమాధాన మిది: వలలుని అవసరము లేని కొలువును కట్టుకొనవలెను, అది కట్టబడువరకు కీచకవధతో కథ ముగిసినదని మేము తరగతిలో చెప్పరాదు.